సముద్రం అనుమతిస్తే : కలకత్తా నుండి అండమానులకు

శీతకాలం సమీపించగానే మా కోల్‌కతా కార్యాలయంలో ఎల్.టి.సి. దరఖాస్తులు చేతులు మారడం మొదలవుతుంది. పూరీ, డార్జిలింగు చూసి వచ్చినవారు తరువాతి మజిలీగా అండమానులనే తలుస్తారు. అట్లా తలచిన ప్రతివారును ఏదో ఒక మధ్యాహ్నం టీ గ్లాసుతో నా బల్ల దగ్గరకు వచ్చి, "మీరు వెళ్ళి వచ్చారట కదా, ఎన్ని రోజులు పెట్టుకోమంటారు?" అని అడుగుతారు. నేను మొట్టమొదట వారిని అడిగే ప్రశ్న వేరు. "అక్కడ మీరు ఏది చూడకపోతే యాత్ర వ్యర్థమనుకొంటారు?" అంటాను. ఈ ప్రశ్నకు చాలామంది వద్ద జవాబు ఉండదు. 2016లో నా వద్దనూ లేదు. ఉన్నదని అనుకొన్నాను గాని, అది తప్పు జవాబని తరువాత తేలింది.

అండమాను నికోబారు ఒక దేశం కాదు, 1956 నుండి మన కేంద్రపాలిత ప్రాంతం. కాని ప్రయాణానికి ఏర్పాట్లు చేసుకొనేవాడు దానిని ఒక ద్వీప దేశంగానే భావించుకోవడం క్షేమకరం. దీవులు, లంకలు, నీటిలోనుండి తలయెత్తిన రాతిగుట్టలు అన్నీ కలిపి 836 అని లెక్క. వాటిలో మనుషులు నివసించేవి 31 మాత్రమే. విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. కలకత్తా నుండి 1,255 కిలోమీటర్లు, విశాఖపట్నం నుండి 1,200, మద్రాసు నుండి 1,190. మన తూర్పుతీరపు మూడు మహానగరాలకూ అది ఇంచుమించు సమదూరంలో ఉన్నది. బర్మా తీరానికైతే మరింత చేరువ. గడియారం మాత్రం మనదే కావడం చేత డిసెంబరులో సాయంత్రం అయిదు గంటలకే చీకటి పడుతుంది. "సాయంకాలం చూద్దాం" అని వాయిదా వేసినది ఏదైనా చూడకుండానే మిగిలిపోతుంది. కలకత్తావాసులకు ఇది కొంత అలవాటే గాని, హైదరాబాదునుండి వచ్చిన మా బావమరిది కుటుంబం మొదటి రెండు సాయంత్రాలు ఇట్లాగే పోగొట్టుకొన్నది.

ఇక వాతావరణం. ఈ దీవులు భూమధ్యరేఖకు ఉత్తరాన 6 నుండి 14 డిగ్రీల నడుమ, సముద్ర మధ్యంలో ఉన్నవి. నైరుతి ఋతుపవనాలు కేరళను తాకకముందే, మే మూడవ వారంలోనే, ఇక్కడ అడుగుపెడతాయి. అవి తిరుగుముఖం పట్టిన తరువాత ఈశాన్య పవనాలు అందుకొంటాయి. ఏటా రమారమి 3,000 మిల్లీమీటర్ల వర్షం. హైదరాబాదులో కురిసేది 800కు అటూ ఇటూగా అని గుర్తు చేసుకొంటే ఈ అంకెకు అర్థం తెలుస్తుంది. మన కోస్తాను వణికించే తుపానులలో అనేకం అల్పపీడనాలుగా పురుడు పోసుకొనేది అండమాను సముద్రంలోనే. మనకు మూడు నాలుగు రోజుల ముందు వచ్చే హెచ్చరిక వారికి అంత ముందుగా అందదు. 2013 నవంబరులో లెహర్ తుపాను మనవైపు రాకముందు ఆ దీవులను దాటింది. 2019 జనవరిలో పబుక్ అనే తుపాను థాయిలాండు వైపునుండి వచ్చి పడింది. జనవరి నిర్మలమైన మాసమని అంతవరకు అందరికీ ధైర్యం చెప్పేవాడిని.

ఫిబ్రవరి, మార్చి నెలలు అన్నిటికన్న పొడిగా ఉండి, సముద్రం నిదానంగా ఉండే కాలం. ఏప్రిల్‌లోనూ ఫరవాలేదు గాని ఉక్క ఎక్కువ. మన పిల్లల పరీక్షలు సరిగా ఈ నెలల్లోనే రావడం చేత ఉద్యోగస్థులందరూ డిసెంబరు సెలవులకు ఎగబడతారు. యాత్రలు కట్టించే సంస్థలవారి రంగుల కాగితాలలో అండమాను "సర్వకాలములందును దర్శనీయము". ఆ కాగితాలు అచ్చువేసినవారు నవంబరు, డిసెంబరులలో అక్కడి రేవులో నిలబడి ఎగురవేసిన ప్రమాద సూచికను చూసి ఉండరు.

మా యాత్ర కథ చెప్పవలసి వచ్చినది ఈ విషయం కోసమే.

మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరినుండి 1979లో పెళ్ళి చేసుకొని, విశాఖ రేవులో ఓడ ఎక్కి పోర్టుబ్లెయిరు వెళ్ళిపోయింది. బాబాయి అక్కడ చాథం కర్రకోత మిల్లులో పనిచేసేవారు. 1883లో నెలకొల్పిన మిల్లు అది. ఆ కాలంలో మా వైపునుండి అట్లా వెళ్ళిన కుటుంబాలకు లెక్కలేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదముగ్గురికి పైనే. బెంగాలీ, హిందీ, తమిళాల తరువాతి స్థానం మనదే. జంగ్లీఘాట్ వీధులలో నడుస్తుంటే కళింగాంధ్ర యాస చెవిని పడి, తాను ఎక్కడ ఉన్నదీ మనిషి ఒక క్షణం మరచిపోతాడు.

మా అమ్మమ్మ 1992లో కాలం చేసింది. తంతి అందిన నాటికి విశాఖ ఓడ వెళ్ళిపోయింది. మరుసటి ఓడ తొమ్మిది రోజుల తరువాత. పిన్ని వచ్చేసరికి పెద్దకర్మ కూడ ముగిసింది. వీధి అరుగుమీద కూర్చుండిపోయిన పిన్నిని అమ్మ లోపలికి తీసుకొని వెళ్ళడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లున్నది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినపుడు కొన్ని రోజులపాటు ఫోను కలియలేదు. పోర్టుబ్లెయిరులో నష్టం నికోబారంత లేదని టీవీలో చెబుతున్నా అమ్మ నమ్మలేదు. పిన్ని గొంతు విన్న తరువాతనే అన్నం ముట్టింది. ఇన్నేళ్ళలో పిన్ని మా ఇంటికి అయిదారు మార్లు వచ్చిందే గాని, అమ్మ ఆమె ఇల్లు చూడలేదు. "దాని వంటిల్లు ఎట్లా ఉంటుందో తెలియదురా నాకు" అని అనేది.

2016లో ఎల్.టి.సి. బ్లాకు గడువు ముంచుకు వస్తుండగా, ఈసారి అండమానులే అని నిర్ణయించుకొన్నాము. అమ్మ, నేను, మా శ్రీమతి, ఇద్దరు పిల్లలు. బావమరిది కుటుంబం విమానంలో వచ్చి అక్కడ కలుసుకొన్నది. పిల్లలకు డిసెంబరు 12న పరీక్షలు మొదలు. కనుక 10వ తేదీ ఉదయం తిరుగు విమానం. పోయేటపుడు మాత్రం ఓడలోనే పోవాలని అమ్మ పట్టుబట్టింది. చెల్లెలు పోయిన దారి చూడాలన్నది ఆమె కోరిక.

ఓడ ప్రయాణాన్ని గురించి కొంత విపులంగా చెప్పాలి, ఎందుకంటే విమానం పెరిగిన ఈ రోజులలో దానిని తలచేవారే తక్కువ. ఖిదిర్‌పూర్ డాకు 1892 నాటిది. నగరం నడిబొడ్డుకు ఇంత దగ్గరగా సముద్రపు ఓడలు రావడం విడ్డూరమే. డాకుకూ నదికీ మధ్య తలుపులున్నవి. హుగ్లీ పోటుమీద ఉన్నపుడే ఆ తలుపులు తెరచి ఓడను వదులుతారు. కనుక టికెట్టుమీద వ్రాసిన వేళ ఒకటి, నది అనుగ్రహించే వేళ మరొకటి. మేము ఉదయం ఎనిమిదింటికి సామానుతో చేరుకొన్నాము. తనిఖీలు ముగిసి ఓడ ఎక్కడానికి మధ్యాహ్నమైంది. అది కదలడం రాత్రి. సముద్ర ప్రయాణమంటే ముందు నిరీక్షణ అని పిల్లలకు మొదటి రోజే బోధపడింది.

ఓడలో బంకు, రెండవ తరగతి, మొదటి తరగతి, డీలక్సు అని వర్గాలు. బంకులో పెద్ద హాలువంటి గదిలో అంతస్తులుగా పరుపులు. చవక, కాని అడుగు భాగంలో ఉండటం వల్ల కుదుపు, ఉక్క ఎక్కువ. కుటుంబాలకు రెండవ తరగతి గది మేలు. భోజనం దొరుకుతుంది, రుచిని గురించి మాట్లాడరాదు. అమ్మ తెచ్చిన ఆవకాయ జాడీ రెండవ రోజుకే మా వరుసలోని నాలుగు గదులకు సొత్తయింది. కడుపు తిప్పే జబ్బుకు మాత్రలు వాంతి మొదలైన తరువాత వేసుకొంటే ఫలం లేదు, ముందే వేసుకోవాలి. ఖాళీ కడుపుతో పడుకొనడం మరింత చేటు. ఈ సంగతి మా శ్రీమతికి ఆలస్యంగా తెలిసింది.

కలకత్తానుండి సముద్రం చేరడానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా పైలట్ల చేతి క్రింద నడవాలి. నదిలో ఇసుక మేటలు ఏ వారానికి ఆ వారం స్థలం మార్చుకొంటాయి. బజ్‌బజ్ దీపాలు, డైమండ్ హార్బరు దీపాలు దాటి, తెల్లవారేసరికి ఒడ్డు ఇరుప్రక్కలా గీతగా మారి, సాగరద్వీపం దగ్గర అదీ మాయమైంది. మొదటి రోజు నీళ్ళు టీ రంగు. మధ్యాహ్నానికి పచ్చన. మూడవ రోజు అమ్మ నన్ను పిలిచి చూపింది : నీరు సిరా వలె, నీలం అనడానికీ నలుపు అనడానికీ నడుమ ఉన్నది. కాలాపానీ అన్న మాట ఆచారభయం వల్ల పుట్టినదని చదివాను గాని, ఆ పూట చూసినవారికి కంటి సాక్ష్యం కూడ దొరుకుతుంది. ఎగిరే చేపలు గుంపులుగా లేచి వెండి చువ్వలవలె నీటిలో దిగబడుతున్నవి. "ఇరవైయేళ్ళ పిల్ల ఒక్కర్తె ఇదంతా చూసుకొంటూ పోయిందన్నమాట" అని అమ్మ అనుకొన్నది.

ఈ హుగ్లీ ఒడ్డునుండి దీవులకు వెళ్ళినవారందరూ విహారానికి వెళ్ళలేదు. 1834లో అట్లాస్ అనే ఓడ ఇక్కడినుండి ముప్ఫై ఆరుగురు కూలీలను మారిషస్ చేర్చింది. ఆ తరువాత ఎన్ని ఓడలు, ఎంతమంది! 1909లో అలీపూరు బాంబు కేసులో శిక్షపడిన బారీంద్రకుమార్ ఘోష్, ఉల్లాస్కర్ దత్తు మొదలైనవారిని అండమానుకు పంపించినదీ కలకత్తానుండే. మన రంప పితూరీలలో పట్టుబడినవారు సైతం ఆ జైలునీడ చూశారు. సెల్యులర్ జైలు కట్టడం 1896లో మొదలై 1906లో ముగిసింది. చక్రపు ఆకుల వలె ఏడు బారులు. ఒక బారు కిటికీలు మరొక బారు వెనుక గోడవైపు చూస్తుంటాయి. ఖైదీ మరొక ఖైదీ ముఖం చూడకుండా ఉండేందుకు చేసిన ఏర్పాటు అది. ఇప్పుడు మూడు బారులే మిగిలాయి. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్ర అక్కడ ప్రాణాలు విడిచారు. జైలుకు సెలవు రోజులుంటాయి. ఇది గుర్తుంచుకోక వెనుదిరిగిన కుటుంబాలను నేను ఎరుగుదును.

హడ్డో రేవులో పిన్ని, బాబాయి మాకోసం వచ్చి నిలబడ్డారు. ఓడ నిచ్చెన దిగుతూనే అక్కచెల్లెళ్ళు ఇద్దరూ ఒకరినొకరు పట్టుకొని చాలాసేపు వదలలేదు. పిన్ని నావైపు తిరిగి, "ముందు ఇంటికి రండిరా, తరువాత మీ చూడటాలు చూసుకోవచ్చు" అన్నది.

నా జేబులో కార్యక్రమం వేసిన కాగితం ఉన్నది. ఆఫీసు టైపుమిషను లాగా దానిని మనసులో ఎన్నిమార్లు కొట్టుకొన్నానో! 2, 3 తేదీలు పోర్టుబ్లెయిరు : జైలు, దీపధ్వని ప్రదర్శన, రాస్ దీవి. 4, 5 హేవ్‌లాకు. 6 మధ్యాహ్నం తిరుగు పడవ. 6 సాయంత్రంనుండి 10 ఉదయం వరకు పిన్ని ఇల్లు. హోటళ్ళకు, పడవలకు ముందే డబ్బు కట్టినాను. "చివరి నాలుగు రోజులూ మీతోనే పిన్నీ, నింపాదిగా ఉంటాము. ముందు తిరుగుడు అయిపోనీ" అన్నాను. పిన్ని ఏమీ అనలేదు. అమ్మ కూడ అనలేదు. బాబాయి మాత్రం పడమటి దిక్కున ఆకాశం చూసి, "డిసెంబరు నెల బాబూ, హేవ్‌లాకు చివరికి పెట్టుకోకపోయావా?" అన్నారు. ఆ మాటను నేను పెద్దవారి చాదస్తంగా తీసుకొన్నాను. ఆయన ముప్ఫై ఏడేళ్ళుగా ఆ సముద్రాన్ని చూస్తున్నారన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

హేవ్‌లాకు దాదాపు నలభై కిలోమీటర్ల దూరం. 2018 డిసెంబరునుండి దాని పేరు స్వరాజ్ ద్వీప్. నీల్ దీవి షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవికి నేతాజీ పేరు పెట్టారు. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్టుబ్లెయిరులో జెండా ఎగురవేసిన సందర్భానికి డెబ్బదియైదు ఏండ్లు నిండిన రోజున ఈ పేర్లు మారాయి. పోర్టుబ్లెయిరు సైతం 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయింది. పాత పుస్తకాలు పట్టుకొని వెళ్ళేవారు తికమకపడకుండుటకు ఇది చెబుతున్నాను. దీవులలో తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులు స్థిరపడ్డారు. నీల్ దీవిలో ఊళ్ళ పేర్లు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్. ఇల్లూ వాకిలీ పోగొట్టుకొని వచ్చినవారు రామాయణంలోని పేర్లన్నీ ఆ చిన్న లంకలో నాటుకొన్నారు. హేవ్‌లాకు రాధానగర్ తీరంలో ఇసుక పిండి వలె మెత్తన, వెనుక ఏనుగులకు కూడ ఆనవలసినంత ఎత్తు చెట్లు. 5వ తేదీ మధ్యాహ్నం వరకు అక్కడ గడిపిన సమయాన్ని నేను ఇప్పటికీ నిందించలేను. అంత అందమైన చోటు నా కన్నులు మరొకటి చూడలేదు.

ఆ రాత్రి గాలి లేచింది. 6 తెల్లవారేసరికి సముద్రం, ఆకాశం, వాన మూడూ ఒకే రంగుగా ఉన్నవి. రేవుకు వెళితే పడవలు లేవన్నారు. హోటలు టీవీలో జయలలిత గారి మరణవార్త నడుస్తుండగా కరెంటు పోయింది. మరునాడూ లేవు. పెద్దనోట్లు రద్దయి సరిగా నెల రోజులు. ఆ దీవిలో ఉన్న కొద్దిపాటి ఏటీయంలలో డబ్బు లేదు, కార్డు యంత్రానికి ఫోను లైను లేదు. మా అందరి జేబుల్లో కలిపి నాలుగు వేలకు లోపు. హోటలు యజమాని బెంగాలీ పెద్దమనిషి. "ముందు తినండి, ఊరు చేరిన తరువాత పంపండి" అని అన్నం, పప్పు, బంగాళాదుంప వేపుడు మూడు రోజులు పెట్టాడు. పక్క గదిలోని కొత్త దంపతులు తిరుగు విమానం పోయిందని ఏడుస్తున్నారు. పిల్లలు మాత్రం పేకాడుకొంటూ, సెలవు పెరిగిందని లోలోన సంతోషిస్తున్నారు.

అమ్మ వసారాలో కుర్చీ వేసుకొని, ముసురులో ఏమీ కనబడని దిక్కుకు చూస్తూ కూర్చునేది. పోర్టుబ్లెయిరు ఆ వైపు కాదని నాకు తెలుసు, చెప్పలేదు. 7వ తేదీ సాయంత్రం ఒక్కసారి ఫోను కలిసింది. పిన్ని పనసకాయ కూర వండి పెట్టిందట. "రేపు వస్తారులే, పడేయకుండా ఉంచాను" అన్నది. అమ్మ ఫోను నాకు ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె నన్ను ఒక్క మాట అని ఉంటే బాగుండేది.

వార్తాపత్రికలలో ఆ ఘటన చదివినవారు ఉంటారు. హేవ్‌లాకు, నీల్ దీవులలో వెయ్యికి పైగా పర్యాటకులు చిక్కుకొన్నారు. నౌకాదళం వారు బిత్రా, బంగారం, కుంభీర్ మొదలైన ఓడలు పంపారు. అవి వచ్చీ అలల తాకిడికి రేవు చేరలేక బయటనే వేచి ఉన్నవని మాకు తెలిసింది. 9వ తేదీన గాలి కొంత తగ్గి, ముసలివారిని, పిల్లల తల్లులను ముందుగా, వరుసగా ఎక్కించారు. అమ్మను ఇద్దరు నావికులు చేతులమీద ఎత్తి దాటించారు. ఆ వాయుగుండమే వర్దా తుపానై 12వ తేదీన మద్రాసును అతలాకుతలం చేసింది.

జంగ్లీఘాట్‌లోని పిన్ని ఇంటికి చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. తెల్లవారి ఏడింటికి విమానాశ్రయంలో ఉండాలి. విమానం మార్చుకొందామంటే చిక్కుకొన్న వారందరూ అదే ప్రయత్నంలో ఉన్నారు, వారం వరకు సీటు లేదు. కాగితంమీద నాలుగు రోజులుగా వ్రాసుకొన్నది ఒక్క రాత్రిగా మిగిలింది. పిన్ని, అమ్మ పడుకోలేదు. వంటింట్లో చాపమీద కూర్చుని మాట్లాడుకొంటూనే ఉన్నారు. నాకు మధ్యలో మెలకువ వచ్చినపుడల్లా లైటు వెలుగుతూనే ఉన్నది. వేకువన అమ్మ లేచి డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి, ఏది ఎక్కడ పెట్టుకొన్నదో చూసి, మళ్ళీ పెట్టింది.

ఇప్పుడు నా బల్ల దగ్గరకు వచ్చేవారికి నేను చెప్పేది ఇదే. విమానం దిగిన రోజునుండి లెక్కపెట్టకండి, తిరుగు విమానంనుండి వెనుకకు లెక్కపెట్టండి. చివరి రెండు రాత్రులు తప్పనిసరిగా శ్రీ విజయపురంలోనే ఉండాలి. దీవులకు పోయేది అంతకు ముందు. కార్యాలయంలో చేరవలసిన తేదీకి, విమానానికి మధ్య మరొక రోజు విడువండి. ఎవరిని చూడాలని వెళుతున్నారో, ఏది మొక్కుబడిగా చూడాలో అది మొదటి రోజున పెట్టుకోండి. అందమైన తీరాలు ఎక్కడికీ పోవు. పడవ రద్దయితే టికెట్టు సొమ్ము తిరిగి వస్తుంది, హోటలు సొమ్ము రావడం కష్టం. కనుక హోటలు వారితో ముందే మాట్లాడుకోండి. చిల్లర నోట్లు వెంట ఉంచుకోండి. రోజువాడే మందులు వారం రోజులు అదనంగా తీసుకొని వెళ్ళండి. మాతో చిక్కుకొన్న ఒక పెద్దాయన రక్తపోటు మాత్రలు మూడవ రోజుకు అయిపోయి ఊరంతా వెదకవలసి వచ్చింది. ఎల్.టి.సి. నియమాలు ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క తీరు, ఆ సంగతి టికెట్టు కొనకముందే పర్సనల్ విభాగంలో లిఖితపూర్వకంగా కనుక్కోండి. జారవాల అడవిగుండా పోయే రహదారిలో వాహనాలను వరుసకట్టించి పంపుతారు. అక్కడ దిగడం, ఛాయాచిత్రాలు తీయడం నేరం. అది మనుషులు నివసించే చోటు, చూడవలసిన వింత కాదు. నికోబారుకు అనుమతి వేరే, అది తేలికగా దొరకదు.

ఓడను గురించి అడిగేవారికి, నాలుగు రోజులు చేతిలో ఉండి, వెంట పసిపిల్లలు, జబ్బుమనుషులు లేకపోతే పోయేటపుడు ఓడ, వచ్చేటపుడు విమానం అంటాను. ఓడలు నెలకు కొన్ని సార్లే. ప్రకటించిన తేదీలు మారుతూ ఉంటాయి. తిరుగు ప్రయాణంలో ఓడను నమ్ముకొని సెలవు లెక్కవేయడం వివేకం కాదు.

2020 ఆగస్టులో మద్రాసునుండి దీవులకు సముద్రగర్భంలో వేసిన తంతి ప్రారంభమైంది. అంతకు ముందు పిన్నితో మాట్లాడటమే గగనం. ఇప్పుడు అమ్మ సెల్‌ఫోనులో ఆమె ముఖం చూస్తూ కూర చెబుతుంది. బాబాయి 2021లో పోయారు. మేము ఆ సమయంలో కూడ వెళ్ళలేకపోయినాము, విమానాలు, పరీక్షా పత్రాలు, క్వారంటైను అడ్డంకులే కారణం. అమ్మ ఆ పదిరోజులూ ఫోను గోడకు ఆనించిపెట్టి, దాని ఎదురుగా కూర్చున్నది.

వచ్చే ఫిబ్రవరిలో మళ్ళీ బయలుదేరుతున్నాము. అమ్మకు డెబ్బదితొమ్మిది నిండినవి. ఓడ నిచ్చెన ఆమెవల్ల కాదు. పోవడం రావడం రెండూ విమానమే, చక్రాల కుర్చీకి ముందే చెప్పి ఉంచాను. పన్నెండు రోజులు. మొదటి తొమ్మిది పిన్ని ఇంట్లో. పదవనాడు సముద్రం బాగుంటే పిల్లలు స్వరాజ్ ద్వీప్‌కు వెళ్ళి వస్తారు, అమ్మ రాదు. ఈ కాగితం చూపితే ఆమె కళ్ళజోడు పెట్టుకొని రెండుమార్లు చదివి, "ఆ పదవ నాడు నీవూ వెళ్ళు, మధ్యలో ఉండి ఏం చేస్తావు?" అన్నది.

పిన్ని కలకత్తానుండి తెమ్మన్నది ఒక్కటే : నలెన్ గుడ్ సందేశ్. కొత్త ఖర్జూరబెల్లం శీతకాలంలోనే దొరుకుతుంది, ఫిబ్రవరి నడిమికల్లా రుచి పలచబడుతుంది. ఓడలో అయితే నాలుగు రోజులు నిలువ ఉండేది కాదు. విమానంలో రెండుంపావు గంటలే. ఉదయం ఆరింటికి తెరచే దుకాణం మా వీధి చివర ఒకటి ఉన్నది. విమానం తొమ్మిదింటికి.